టెస్టు క్రికెట్: పొట్టి ఆటల నడుమ అయిదు రోజుల ఆట

రెండు దేశాల జట్లు చెరి రెండు ఇన్నింగ్స్ చొప్పున, అయిదు రోజులకు మించకుండా ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌ను టెస్టు అంటారు. 1877లో మొదలైన ఈ ఆటకు 1971లో వన్డేలు, 2005లో పురుషుల అంతర్జాతీయ టీ20లు తోడయ్యాయి. జనం, డబ్బు, టీవీ సమయం ఏది లెక్కేసినా ఇవాళ టీ20దే పైచేయి. ఆటగాళ్లు ఒకరినొకరు తూచుకునే తరాజు మాత్రం ఇప్పటికీ టెస్టే. బెంగళూరు జట్టు 18వ ప్రయత్నంలో ఐపీఎల్ గెలిచిన 2025 జూన్ రాత్రి విరాట్ కోహ్లి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి మూడు వారాల కిందటే టెస్టులకు వీడ్కోలు చెప్పిన అతను ఆ సంబరంలోనే, ఇదంతా టెస్టు క్రికెట్‌కు అయిదు మెట్లు దిగువనే అని కూడా అన్నాడు.

టెస్టుల మీద మోజును పాతకాలపు వ్యామోహంగా కొట్టిపారేయడం తేలిక. అసలు కారణం ఆట నిర్మాణంలోనే ఉంది. ఓడిపోతున్న జట్టుకు తేరుకునేందుకు తగినంత వ్యవధి ఇచ్చే క్రికెట్ ఇదొక్కటే. గుర్తుండిపోయిన టెస్టుల్లో చాలావాటిని కదిపి చూస్తే అడుగున ఈ వ్యవధే కనిపిస్తుంది.

ఆట లెక్క

టెస్టులో రోజుకు 90 ఓవర్లు వేయాలి. రోజును మూడు పూటలుగా విడగొట్టి నడుమ లంచ్, టీ విరామాలు ఇస్తారు. బౌలరు ఇన్నే ఓవర్లు వేయాలన్న హద్దు లేదు. ఇన్నింగ్స్ ఇన్ని ఓవర్లలో ముగించాలన్న నియమమూ లేదు. ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టుకోవాలన్నది దాదాపుగా కెప్టెన్ ఇష్టం. చాలనుకున్నప్పుడు ఇన్నింగ్స్‌ను డిక్లేర్ చేయవచ్చు. తొలి ఇన్నింగ్స్‌లో 200 లేదా అంతకుమించి ఆధిక్యం దొరికితే ఎదుటి జట్టును వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపవచ్చు. దీన్నే ఫాలో ఆన్ అంటారు.

టీ20లో చేతిలో పది వికెట్లు, 120 బంతులు ఉంటాయి. వికెట్లు మిగిలిపోతాయి, బంతులు చాలవు. అందుకే ఖాళీ పోయిన ప్రతి బంతీ నష్టం కిందే లెక్క. టెస్టులో ఇది తిరగబడుతుంది. బంతులు బోలెడు, వికెట్టే ప్రాణం. కొండంత స్కోరు చేసినా ఎదుటివాళ్ల 20 వికెట్లు తీయకుండా గెలవడం అరుదు. బ్యాటరుకు పరుగు తీయాల్సిన అగత్యం లేని పూటలు కూడా ఉంటాయి. వదిలేసిన బంతికీ విలువ ఉండే క్రికెట్ వేరే లేదు.

దీనికి తోడు డ్రా. అయిదు రోజులు ఆడి ఫలితం తేలకపోవడమేమిటని కొత్తగా చూసేవాళ్లు విసుక్కుంటారు. డ్రా లేకుంటే ఓటమి అంచున ఉన్న జట్టుకు చివరి రోజు పోరాడేందుకు ఏమీ మిగలదు. గెలుపు చేజారాక కూడా కాపాడుకోవాల్సింది ఒకటి ఉండటం వల్లే ఆఖరి గంటలో బ్యాటర్ చుట్టూ ఆరుగురు ఫీల్డర్లు మూగే దృశ్యం సాధ్యమవుతోంది. స్కోర్లు సమమై, ఆఖరి వికెట్ కూడా పడిపోతే అది టై. దాదాపు నూటయాభై ఏళ్లలో అలాంటివి రెండే: 1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ మధ్య ఒకటి, 1986 సెప్టెంబరులో మద్రాసులో భారత్, ఆస్ట్రేలియా మధ్య మరొకటి.

బంతికీ పిచ్‌కూ వయసు మీద పడటం కూడా ఆటలో భాగమే. మన దేశంలో మేరఠ్‌లో తయారయ్యే ఎస్జీ బంతిని, ఇంగ్లండ్‌లో డ్యూక్స్‌ను, ఆస్ట్రేలియాలో కూకాబుర్రాను వాడతారు. కొత్తగా ఉన్నప్పుడు స్వింగ్ అవుతుంది, మెరుపు తగ్గాక స్పిన్నర్ల చేతికి వస్తుంది, ఒకవైపు గరుకెక్కితే రివర్స్ స్వింగ్ మొదలవుతుంది. 80 ఓవర్లు నిండితే ఫీల్డింగ్ జట్టు కొత్త బంతి తీసుకోవచ్చు. తొలి ఉదయం పచ్చిగా ఉన్న పిచ్ నాలుగో రోజుకు పగుళ్లిస్తుంది, బౌలర్ల బూట్ల కింద గుంటలు పడతాయి. టీ20లో 20 ఓవర్లకే ఇన్నింగ్స్ అయిపోతుంది కాబట్టి బంతి ముసలిదయ్యే అవకాశమే లేదు. వన్డేల్లో రెండు చివర్ల నుంచి రెండు కొత్త బంతులు వాడటం మొదలయ్యాక రివర్స్ స్వింగ్ దాదాపు కనుమరుగైంది. దాన్ని కొంతైనా వెనక్కి తేవాలనే ఐసీసీ 2025లో నిబంధన మార్చి, 34 ఓవర్ల తర్వాత ఒకే బంతితో ఆడిస్తోంది.

గడువు లేని రోజుల నుంచి

తొలి టెస్టు 1877 మార్చి 15న మెల్‌బోర్న్‌లో మొదలైంది. ఆస్ట్రేలియా 245 పరుగులు చేస్తే అందులో 165 చార్లెస్ బానర్‌మన్ ఒక్కడివే. వేలికి దెబ్బ తగిలి మధ్యలోనే వెళ్లిపోయాడు. ముగిసిన ఒక ఇన్నింగ్స్‌లో జట్టు పరుగుల్లో ఒకే బ్యాటర్ అందించిన వాటాగా అది నేటికీ రికార్డే. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది. నూరేళ్ల పండుగగా 1977లో అదే మైదానంలో ఆడించిన టెస్టులోనూ ఆస్ట్రేలియాదే గెలుపు, తేడా సరిగ్గా 45 పరుగులే. 1882లో ఓవల్‌లో ఇంగ్లండ్ 7 పరుగులతో ఓడినప్పుడు ఒక లండన్ పత్రిక ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందంటూ వెటకారంగా ప్రకటన వేసింది. యాషెస్ అన్న పేరు అందులోంచి వచ్చిందే.

అయిదు రోజుల గడువు మొదటినుంచీ ఉన్నది కాదు. ఇంగ్లండ్‌లో మొదట్లో మూడు రోజుల టెస్టులు ఆడేవారు. ఆస్ట్రేలియాలో రెండో ప్రపంచ యుద్ధం దాకా ఫలితం తేలేవరకు ఆడటమే పద్ధతి. ఆ పద్ధతి ఎంతదూరం పోగలదో 1939 మార్చిలో డర్బన్‌లో తేలిపోయింది. దక్షిణాఫ్రికా విసిరిన లక్ష్యం 696. ఇంగ్లండ్ 5 వికెట్లకు 654 చేసింది. మ్యాచ్ 3న మొదలై 14వ తేదీకి వచ్చేసింది. ఇంకో 42 పరుగులు చేస్తే చాలు, కానీ ఇంటికి వెళ్లే ఓడ అందుకోవాలి. వాన పడింది, జట్టు రైలెక్కింది, మ్యాచ్‌ను డ్రాగా రాసుకున్నారు. గడువు లేని ఆటలో తాపీగా ఆడటం తప్ప వ్యూహం ఉండదని, ఉత్కంఠ పుట్టాలంటే వ్యవధితో పాటు దానికో అంచు కూడా కావాలని ఆ మ్యాచ్ నేర్పింది.

భారత్ తొలి టెస్టు ఆడింది 1932 జూన్‌లో లార్డ్స్‌లో. కెప్టెన్ సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టిన ఆయనది తెలుగు మూలాలున్న కుటుంబం. 1926లో బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు బాదిన ఇన్నింగ్స్ ఆయన పేరును దేశమంతా మోగించింది. సిక్సర్లు పొట్టి క్రికెట్ కనిపెట్టినవేమీ కావని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వానలో పుట్టిన వన్డే

వన్డే ఒక తాత్కాలిక సర్దుబాటుగా మొదలైంది. 1971 జనవరిలో మెల్‌బోర్న్ టెస్టు వానకు కొట్టుకుపోతే, నష్టం కొంతైనా పూడుతుందని 5వ తేదీన 40 ఓవర్ల మ్యాచ్ పెట్టారు. అప్పట్లో అక్కడ ఓవరుకు ఎనిమిది బంతులు. అనుకోనంత జనం వచ్చారు. ఇంగ్లండ్ కౌంటీల్లో జిల్లెట్ కప్ పేరుతో 1963 నుంచే పరిమిత ఓవర్ల పోటీ నడుస్తోంది కాబట్టి ఆలోచన కొత్తది కాదు, దేశాల మధ్య ఆడటమే కొత్త.

పాత అలవాటు అంత త్వరగా పోలేదు. 1975లో తొలి ప్రపంచకప్ తొలి రోజున లార్డ్స్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 చేస్తే, గావస్కర్ 174 బంతులాడి 36 పరుగులతో అజేయంగా నిలిచాడు. టెస్టయితే ఆ ఇన్నింగ్స్‌కు చప్పట్లు దక్కేవేమో. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే లార్డ్స్‌లో కపిల్ దేవ్ కప్పు ఎత్తాడు. 1977లో ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ ప్రసార హక్కుల దగ్గర బోర్డుతో తగవు పడి, ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను కొనుక్కుని సొంత పోటీ పెట్టాడు. రంగు దుస్తులు, ఫ్లడ్‌లైట్లు, తెల్ల బంతి అన్నీ ఆ పోటీ నడిచిన రెండేళ్లలో వచ్చినవే.

ఇరవై ఓవర్ల తుపాను

కౌంటీ మైదానాలు ఖాళీగా ఉంటున్నాయని ఇంగ్లండ్ బోర్డు 2003లో 20 ఓవర్ల పోటీ పెట్టింది. ఆఫీసు వదిలాక వచ్చి, చీకటి పడేలోపు చూసి ఇంటికి పోయే ఆట. పురుషుల తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2005 ఫిబ్రవరి 17న ఆక్లండ్‌లో జరిగింది. మహిళలు అంతకు ముందే, 2004 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో ఆడేశారు. మన బోర్డు మొదట్లో ఈ ఆటను పెద్దగా పట్టించుకోలేదు. 2007లో దక్షిణాఫ్రికాలో ధోని జట్టు ప్రపంచకప్ గెలవడంతో లెక్క మారింది. 2008 ఏప్రిల్ 18న బెంగళూరులో ఐపీఎల్ తొలి మ్యాచ్‌లో బ్రెండన్ మెకల్లమ్ 73 బంతుల్లో 158 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆ రాత్రి తర్వాత వెనక్కి తిరిగి చూసే పనే పడలేదు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. 2009లో దక్కన్ ఛార్జర్స్, 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు టైటిల్ తెచ్చిపెట్టడంతో తెలుగువాళ్లకు ఇది సొంత ఇంటి పండగయింది.

ఆటను కొత్త దేశాలకు మోసుకుపోయింది కూడా పొట్టి ఫార్మాటే. అమెరికాలో 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. దాని పెట్టుబడిదారుల్లో హైదరాబాదీ సత్య నాదెళ్ల ఒకరు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్ టీ20 రూపంలోనే అడుగుపెడుతోంది. అయిదు రోజుల ఆటతో ఆ తలుపు తెరుచుకునేది కాదని ఒప్పుకోవాల్సిందే.

ఓడుతున్నవాడికి దొరికే వ్యవధి

ఫాలో ఆన్ ఆడి గెలిచిన సందర్భాలు టెస్టు చరిత్రలో నాలుగే: 1894లో సిడ్నీలో ఇంగ్లండ్, 1981లో హెడింగ్లీలో మళ్లీ ఇంగ్లండ్, 2001లో కోల్‌కతాలో భారత్, 2023లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్. వెల్లింగ్టన్‌లో తేడా ఒక్క పరుగు. అయితే వీటిలో కోల్‌కతా టెస్టు మనవాళ్ల నోట నలిగినన్ని సార్లు మరేదీ నలగలేదు, అది సహజం.

వరసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా ఈడెన్ గార్డెన్స్‌లో 445 చేసింది. భారత్ 171కే కుప్పకూలింది. చివరి వికెట్‌గా వెనుదిరిగిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 59 పరుగులు చేశాడు. అతను ఊపులో ఉన్నాడని గమనించి రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో పంపారు. ద్రవిడ్ వచ్చి కలిసేసరికి స్కోరు 4 వికెట్లకు 232, ఇంకా 42 పరుగులు వెనకబడే ఉన్నాం. మూడో రోజు ఆట ముగిసింది. నాలుగో రోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆ ఇద్దరే ఆడారు. ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులు వచ్చాయి. షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు మీద బంతిని పడేసి తిప్పుతుంటే లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి అదే చోట పడిన బంతిని మణికట్టు తిప్పి మిడ్ వికెట్ వైపు కొట్టాడు. ఒకే బంతికి రెండు దిక్కుల్లో బౌండరీ ఉంటే ఫీల్డరును ఎక్కడ పెట్టాలో కెప్టెన్‌కు తోచదు. ఆ ఇద్దరు బ్యాటర్లలో ఒకరికి వెన్ను నొప్పి, మరొకరికి జ్వరం. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, భాగస్వామ్యం 376. చివరి రోజు టీ విరామం తర్వాత ఆస్ట్రేలియా ఏడు వికెట్లు పోగొట్టుకుని 171 పరుగులతో ఓడింది. ఇంత పని టీ20లో జరిగే వీల్లేదు. అక్కడ 171కే ఆలౌటయిన జట్టుకు రెండో అవకాశం లేదు.

లక్ష్మణ్ 134 టెస్టులు ఆడాడు, వన్డే ప్రపంచకప్ మాత్రం ఒక్కటీ ఆడలేదు. ఇందులో సెలక్టర్ల తప్పెంత, ఫార్మాట్ స్వభావమెంత అన్న వాదన హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో ఇప్పటికీ తెగలేదు.

వీరోచితం అంటే పరుగులే కానక్కర్లేదు. 2021 జనవరి 11న సిడ్నీలో భారత్ 407 లక్ష్యం ముందు నిలిచింది. పంత్ 97, పుజారా 77 చేసి వెళ్లాక కాకినాడలో పుట్టిన హనుమ విహారి, చెన్నై అశ్విన్ మిగిలారు. విహారికి తొడ కండరం చిట్లి పరుగెత్తలేని స్థితి. అశ్విన్‌కు వంగి బూటు లేసు కట్టుకోవడమే కష్టమైనంత నడుము నొప్పి. వేలు విరిగిన జడేజా లోపల ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ 42 ఓవర్లకు పైగా ఆడి 62 పరుగులే చేశారు. పదేసి బంతుల చొప్పున లెక్కపెట్టుకుంటూ పోదామని అశ్విన్ తమిళంలో అంటుంటే స్టంప్ మైకుల్లో వినిపించింది. చెన్నై లీగుల్లో ఆడిన విహారికి ఆ భాష కొత్త కాదు. 161 బంతుల్లో 23 పరుగులతో విహారి అజేయంగా నిలిచాడు, మ్యాచ్ డ్రా అయింది. స్కోరుకార్డు మాత్రమే చూసినవాడికి అందులో చెప్పుకోదగ్గది ఏదీ దొరకదు. వారం తిరిగేసరికి గబ్బాలో 328 ఛేదించి భారత్ సిరీస్ గెలిచింది. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఆ మైదానంలో ఓడటం అదే మొదటిసారి. తండ్రి పోయిన కబురు తెలిసినా ఇంటికి రాకుండా జట్టుతో ఉండిపోయిన హైదరాబాదీ సిరాజ్ ఆ మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు.

సిరాజ్ కథలో ఇంకో అధ్యాయం 2025లో ఓవల్‌లో నడిచింది. ఇంగ్లండ్ లక్ష్యం 374. నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు, పట్టాక వెనక్కి వేసిన అడుగు తాడును తాకింది. వికెట్ కాస్తా సిక్సరయింది. బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రికి ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. తెల్లారి సిరాజ్ వచ్చి మూడు తీశాడు. ఆఖరి వికెట్‌కు క్రిస్ వోక్స్ ఎడమ చేతిని స్వెటర్ లోపల కట్టుతో వేలాడదీసుకుని వచ్చాడు. అతనికి ఒక్క బంతీ ఆడే అవసరం రాకముందే సిరాజ్ యార్కర్ అట్కిన్సన్ స్టంప్‌ను లేపేసింది. ఆరు పరుగుల గెలుపు, పరుగుల తేడాలో భారత్‌కు అతి స్వల్పమైనది. సిరీస్ 2-2. అయిదు టెస్టులూ అయిదో రోజు దాకా వెళ్లాయి. సిరాజ్ మొత్తం 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. మ్యాచ్‌కు నాలుగు ఓవర్ల టీ20 లెక్కన అన్ని ఓవర్లు వేయాలంటే 46 మ్యాచ్‌లు దాటాలి.

పట్టిన క్యాచ్‌ను పోగొట్టుకున్నవాడికి పరువు దక్కించుకునేందుకు ఒక రాత్రి, ఒక ఉదయం దొరికాయి. టీ20లో అలాంటి తప్పు చేసినవాడు బస్సెక్కేసరికే ఆట అయిపోయి ఉంటుంది.

పొట్టి ఆట పెట్టిన పోపు

టీ20 వల్ల టెస్టు చెడిందన్నది సగం నిజమే. స్పిన్ మీద గంటల తరబడి కాపు కాసే ఓపిక సన్నగిల్లింది. 2024లో న్యూజిలాండ్ మన గడ్డ మీద 3-0తో గెలిచి వెళ్లింది, బెంగళూరులో భారత్ 46కే ఆలౌటయింది. టెస్టులు కూడా తొందరగా ముగుస్తున్నాయి. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో భారత్, దక్షిణాఫ్రికా ఆడిన టెస్టు 642 బంతుల్లో తేలిపోయింది. ఫలితం వచ్చిన టెస్టుల్లో అంతకంటే చిన్నది లేదు.

మిగతా సగం ఆసక్తికరమైంది. ఐపీఎల్‌ను సిక్సర్లతో మొదలుపెట్టిన మెకల్లమే 2014లో వెల్లింగ్టన్‌లో భారత్ మీద 302 పరుగుల ఓపిక చూపాడు, 2016లో తన ఆఖరి టెస్టులో 54 బంతుల్లో శతకం బాదాడు. 2022లో ఇంగ్లండ్ కోచ్‌గా వచ్చి కెప్టెన్ స్టోక్స్‌తో కలిసి బజ్‌బాల్ అనే దూకుడు ఆట తెచ్చాడు. ఆ డిసెంబరులో రావల్పిండిలో తొలి రోజే ఇంగ్లండ్ 4 వికెట్లకు 506 చేసింది. వేగం ఇక్కడ సంబరానికి కాదు, సమయాన్ని కొనుక్కోవడానికి. 2024లో కాన్పూర్‌లో బంగ్లాదేశ్‌తో టెస్టులో రెండు రోజులకు పైగా ఆట వానకు పోతే, భారత్ మూడు ఓవర్లలో 50 దాటి, 34.4 ఓవర్లలో 9 వికెట్లకు 285 చేసి డిక్లేర్ చేసింది. చివరికి ఏడు వికెట్లతో గెలిచింది. ఆ వేగం టీ20లో పట్టుబడ్డదే, గెలిపించింది మాత్రం టెస్టు లెక్క.

ఆటగాళ్లు వచ్చే దారీ మారింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున మెరిసి టెస్టు జట్టులోకి వచ్చాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగినప్పుడు స్కోరు 6 వికెట్లకు 191. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు జోడించాడు. నితీశ్ 99 మీద అవతలి చివర నిలబడి ఉండగా బుమ్రా ఔటయ్యాడు. కమిన్స్ ఓవరులో ఇంకా మూడు బంతులున్నాయి, ఎదుర్కోవాల్సింది పదకొండో నంబర్ సిరాజ్. మొదటి బంతిని కాచాడు, రెండోది కాచాడు, మూడోదీ కాచాడు. ఒక్కో బంతికి మైదానమంతా సెంచరీ కొట్టినంత గోల. తర్వాతి ఓవరులో నితీశ్ బోలండ్‌ను మిడాన్ మీదుగా బౌండరీకి పంపి నూరు దాటాడు. గ్యాలరీలో అతని తండ్రి ఏడుపు ఆపుకోలేకపోయిన దృశ్యం తెలుగు ఇళ్లలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఆ మ్యాచ్ మనం 184 పరుగులతో ఓడామన్నది చాలామందికి గుర్తులేదు.

తెలుగు నేల మీద

హైదరాబాద్ ఫతే మైదాన్‌లో 1955, 1969, 1988లో మూడు టెస్టులు జరిగాయి. మూడింటిలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే కావడం విచిత్రం. 1955లో పాలీ ఉమ్రిగర్ ఇక్కడ చేసిన 223 టెస్టుల్లో భారతీయుడి తొలి ద్విశతకం. ఈ నగరం మణికట్టు బ్యాటర్లకు పుట్టిల్లు. ఎం.ఎల్. జయసింహ 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్టు అయిదు రోజులూ క్రీజులో కనబడ్డాడు, అలా చేసిన మొట్టమొదటి ఆటగాడు అతనే. ఆ మరుసటి సీజన్లో కాన్పూర్‌లో పాకిస్థాన్ మీద 500 నిమిషాలు ఆడి 99 చేశాడు. అందగాడు, కాలరెత్తుకుని నడిచే షోకిల్లా రాయుడు కూడా అవసరమైతే ఇంత మొండిగా ఆడతాడన్నమాట. అజహరుద్దీన్ తన తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు కొట్టాడు.

దేశవాళీ నాలుగు రోజుల ఆటలోనూ హైదరాబాద్ ఒక రికార్డు మోస్తోంది. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో రంజీ మ్యాచ్‌లో ఆంధ్ర మీద 6 వికెట్లకు 944 చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366 కొట్టాడు. ఆంధ్ర బౌలర్ల తరఫున ఎవరూ ఆ మ్యాచ్ కథ రాయలేదుగానీ, రాయాల్సింది.

ఉప్పల్‌లో 2010 నుంచి, విశాఖలో 2016 నుంచి టెస్టులు జరుగుతున్నాయి. 2024 జనవరిలో ఉప్పల్‌లో భారత్ ఇంగ్లండ్ మీద 190 పరుగుల ఆధిక్యం సాధించాక పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ఒలీ పోప్ రివర్స్ స్వీప్‌లతో 196 చేశాడు. అరంగేట్రం చేసిన స్పిన్నర్ టామ్ హార్ట్‌లీని తొలి బంతికే జైస్వాల్ సిక్సర్ కొట్టాడు, తొలి ఇన్నింగ్స్‌లో అతను 131 పరుగులిచ్చుకున్నాడు. అదే హార్ట్‌లీ రెండో ఇన్నింగ్స్‌లో 62 పరుగులకు 7 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 28 పరుగులతో గెలిపించాడు. వ్యవధి మనవాళ్లకే చుట్టమేమీ కాదు.

చూసేవాళ్లు

టెస్టును ఆసాంతం కూర్చుని చూసేవాళ్లు తక్కువ, వెంటాడేవాళ్లు ఎక్కువ. ట్రాన్సిస్టర్ల కాలంలో కిళ్లీకొట్టు దగ్గర ఆగి స్కోరెంతని అడిగేవారు, ఇప్పుడు మీటింగు మధ్యలో బల్ల కింద ఫోను తెరుస్తున్నారు. పని చేసుకుంటూ, తింటూ, నిద్రపోయి లేచి మళ్లీ అందుకోగల ఆట ఇది. స్టేడియాల సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. నితీశ్ శతకం కొట్టిన మెల్‌బోర్న్ టెస్టుకు అయిదు రోజుల్లో 3,73,691 మంది వచ్చారు, ఆస్ట్రేలియాలో అది రికార్డు. మన దేశంలో పనిరోజున టెస్టుకు వెళ్తే ఖాళీ కుర్చీలు మనల్ని చూస్తుంటాయి. ఎండలో నీడలేని స్టాండ్లు, లోపలికి నీళ్ల సీసా తీసుకెళ్లనివ్వని తనిఖీలు సరిచేయకుండా జనానికి టెస్టులంటే ఆసక్తి లేదని అనడం అన్యాయం. ఆఫీసు వదిలాక కూడా వచ్చి చూడగలిగేలా గులాబీ బంతితో డే నైట్ టెస్టులు 2015లో అడిలైడ్‌లో మొదలయ్యాయి. భారత్ 2019లో కోల్‌కతాలో తొలిసారి ఆడింది.

డబ్బు, క్యాలెండర్

టెస్టులకు అసలు ముప్పు జనం ఆదరణ దగ్గర లేదు, తారీఖుల దగ్గర ఉంది. టెస్టు హోదా ఉన్న జట్లు పన్నెండు. అయిదు టెస్టుల సిరీస్ తమలో తాము ఆడుకుని లాభపడగలిగేవి భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలే. మిగతా బోర్డులకు టెస్టు ఆడించడమంటే చేతి చమురు వదలడమే. 2024 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా సొంత టీ20 లీగ్ కోసం ప్రధాన ఆటగాళ్లను ఇంట్లో ఉంచుకుని, అప్పటిదాకా ఒక్క టెస్టూ ఆడని నీల్ బ్రాండ్ కెప్టెన్సీలో జట్టును న్యూజిలాండ్‌కు పంపింది. వెస్టిండీస్‌ది ఇంకా దయనీయం. 2024 జనవరిలో గయానా పల్లె నుంచి వచ్చిన షమార్ జోసెఫ్ బొటనవేలి గాయంతోనే 7 వికెట్లు తీసి గబ్బాలో 8 పరుగులతో గెలిపించిన జట్టు, 2025 జులైలో కింగ్‌స్టన్‌లో 27కే ఆలౌటయింది.

2019లో మొదలైన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ద్వైపాక్షిక సిరీస్‌లకు ఒక గమ్యం చూపింది. 2021లో న్యూజిలాండ్, 2023లో ఆస్ట్రేలియా గెలిచాయి. పాయింట్ల పద్ధతి గందరగోళమే, అన్ని జట్లూ అందరితోనూ ఆడవు. అయినా 2025 జూన్‌లో లార్డ్స్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ టెంబా బవుమా గద ఎత్తినప్పుడు ఆ లోపాలు ఎవరికీ గుర్తు రాలేదు. మన బోర్డు 2024లో ప్రోత్సాహక పథకం తెచ్చింది. సీజన్లో 75 శాతానికి పైగా టెస్టులాడి తుది జట్టులో ఉన్నవారికి, మామూలు ఫీజు 15 లక్షలకు అదనంగా మ్యాచ్‌కు 45 లక్షలు ఇస్తుంది. ఐపీఎల్ వేలం ముందు ఇది చిన్న మొత్తమే కావచ్చు, రంజీ నుంచి ఎదిగే కుర్రాడికి కాదు.

మహిళల విషయంలో లెక్క ఇంకా పలచన. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 చేసినప్పుడు అది మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. ఇరవై ఏళ్లు దాటిన కెరీర్లో ఆమెకు దొరికిన టెస్టులు పన్నెండే. 2024లో చెన్నైలో దక్షిణాఫ్రికా మీద షఫాలీ వర్మ 205 కొట్టింది, భారత్ 6 వికెట్లకు 603 చేసింది. అంత బాగా ఆడగల జట్టు ఏడాదికి ఒకటో రెండో టెస్టులతో సరిపెట్టుకుంటోంది, కొన్నేళ్లు అవీ ఉండవు.